వెనక సీటు నిట్టూర్పు

బెలర్మీనో అర్చులేటా పోయిన మరుసటి వేసవిలో అతని కారు మేసా మీద, అంటే ఊరి పైనున్న బల్లపరుపు కొండ మీద, మొరాయించడం మొదలుపెట్టింది. ఊళ్లో ఎక్కడ ఆపినా బుద్ధిగా కదిలేది. చర్చి ముందు, కిరాణా కొట్టు ముందు, ఇంటి వాకిట్లో ఏ పేచీ లేదు. అతను ప్రాణం విడిచిన చోట మాత్రం కదిలేది కాదు.

ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చే ట్రక్కు నాది. మా ఊరు ఓహో ఫ్రీయోలోనూ చుట్టుపక్కల లోయల్లోనూ ఎవరి కారు ఆగినా నాకే ఫోను వస్తుంది. అందుకే ఈ సంగతి మొదట నాకు తెలిసింది. బెలర్మీనో భార్య కసీల్డా నా కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలిచింది. ఆ వరసతో నేనామెను కొమాద్రే అంటాను, ఆమె నన్ను కొంపాద్రే అంటుంది. మా వైపు ఆ వరస నెత్తుటి చుట్టరికం కన్నా గట్టిది. ఎప్పుడు పిలిచినా వెళ్లాల్సిందే.

ఆదివారం పూజ అయ్యాక ఆమె ఆ కారులోనే మేసా ఎక్కేది. పశువుల నీళ్ల తొట్టి దగ్గర ఆపి, మేం అతని పేరున పాతిన చిన్న చెక్క సిలువ పక్కన కూర్చునేది. తిరిగి బయల్దేరబోతే కారు స్టార్ట్ అయ్యేది కాదు. ఆ పైన ఫోను పలకదు. దారి వెంట దిగువకు నడిచి, మలుపులో ఉన్న పెద్ద బండ ఎక్కితేనే సిగ్నల్. ఆమె అంతదూరం నడిచొచ్చి నాకు ఫోను చేసేది. నేను మట్టిరోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ చేరేసరికి ఎండ తగ్గి, గాలి తిరిగేది. నేను తాళం తిప్పితే మొదటి తిప్పుకే ఇంజను అందుకునేది.

"నీకేం కొంపాద్రే, నువ్వొస్తే వదిలేస్తాడు," అనేది కసీల్డా. నవ్వుతూనే అనేది, కానీ కళ్లు నా మీద ఉండేవి కావు.

"గొట్టంలో పెట్రోలు ఆవిరై ఉంటుంది. ఎత్తు ప్రదేశం కదా," అని ఏదో సర్దిచెప్పేవాణ్ణి.

ఒకసారి నేను ఆ పక్క లోయలోనే పనిలో ఉండి, త్వరగా చేరుకున్నాను. ఎండ ఇంకా నడినెత్తినే ఉంది. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాను. స్టార్టర్ గిర్రున తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. ఎంత తిప్పినా అంతే. దిగి, తలుపులన్నీ బార్లా తెరిచి, సిలువ దగ్గర ఆమెతో పాటు కూర్చున్నాను. కొండ అంచు మీదికి మబ్బు వచ్చి చల్లగాలి తోలింది. మళ్లీ ఎక్కి తాళం సగం తిప్పానో లేదో, నా వెనక సీటు కింద ఎవరో మెల్లగా నిట్టూర్చారు. ఇంజను అందుకుంది. నేను అద్దంలోకి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, చూడాలనిపించలేదు, అంతే.

బెలర్మీనో ఎలా పోయాడో ఇక్కడ చెప్పాలి. మేసా మీద అతనికి కొన్ని ఆవులు ఉండేవి. వేసవంతా అక్కడే మేసేవి. ఆ రోజు కసీల్డా చెల్లెలి మనవరాలి జ్ఞానస్నానం, మధ్యాహ్నం విందు. తొట్టిలో నీళ్లున్నాయో లేదో చూసొస్తానని అతను పొద్దున్నే బయల్దేరాడు. కసీల్డాకు ఒళ్లు మండింది.

"నీ ఆవులే నీకు ఆలుబిడ్డలు. వాటి దగ్గరే ఉండు, ఇంటికి రాకు," అంది.

అతను టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. కోపం వస్తే పైన పొద్దుపోయేదాకా కూర్చుని, తిరిగొచ్చి మాటాపలుకూ లేకుండా తినే అలవాటు అతనికి. అందుకే ఆ సాయంత్రం ఆమె కంగారుపడలేదు. తెల్లవారాక పక్క చూస్తే దుప్పటి నలగలేదు. నాకు ఫోను చేసింది.

అతను కారుకు కాస్త దిగువన, దారి పక్కన ఒక జూనిపర్ చెట్టుకు చేరబడి ఉన్నాడు. కాళ్లు చాపుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని. గుండె ఆగిందన్నారు. నొప్పి వస్తే నీడకు వెళ్లి కూర్చున్నాడన్నారు. శవాన్ని షెరీఫు మనుషులు దించారు, కారును నేను దించాను.

కసీల్డా అందరి ముందూ ఏడ్చింది. కానీ నాతో ఒక్కసారి, సమాధి దగ్గర, వేరే మాట అంది. "నొప్పి వచ్చినవాడు కారెక్కి దిగి రావచ్చు కదా. కారు పక్కనే ఉంది. రాలేదు. రావద్దన్నాను, రాలేదు."



ఇప్పుడీ కారు గొడవ. ఊరికి ఇంతకన్నా ఏం కావాలి. బెలర్మీనో పెళ్లాన్ని వదలడం లేదని కొట్టు దగ్గర చెప్పుకున్నారు. కారు అమ్మెయ్యమని కొందరు, కారులో తీర్థం చల్లించమని కొందరు. కసీల్డా ఏ మాటా పట్టించుకోలేదు. ఆదివారం రాగానే అదే కారు, అదే మేసా. రాను రాను ఆమె నాకు ఫోను చేయడం కూడా మానేసింది. చల్లబడేదాకా అక్కడే కూర్చుని దిగి వస్తోంది. పెదవులు ఎండిపోయి, ముఖం కమిలిపోయి. ఇలాగే వదిలేస్తే ఆ మేసా మీంచి ఇంకో శవాన్ని దించాల్సి వస్తుందని నాకు భయం పట్టుకుంది. ఒకరోజు ఆమె ఇంటికి వెళ్లి తాళం అడిగి తీసుకుని, కారును ఓర్లిండా షెడ్డులో పెట్టాను.

ఓర్లిండా మా వాళ్ల పిల్లే. సైన్యంలో లారీలు బాగుచేసి వచ్చి, ఊరి చివర పాత ఉన్ని గోదాములో షెడ్డు పెట్టుకుంది. నోరు కాస్త పెద్దది, చేతులు మాత్రం నెమ్మదివి.

కారు ఆమె దగ్గర కొన్నాళ్లు ఉంది. రోజూ స్టార్ట్ చేసింది. పొద్దున, మధ్యాహ్నం, పెట్రోలు నిండా ఉంచి, పెట్రోలు అడుగంటించి. ఫిల్టరు విప్పి చూసింది. గొట్టానికి మీటరు తగిలించి పెట్రోలు ఒత్తిడి చూసింది. ఎక్కడా లోపం లేదు.

"ఫాదర్ గారి ముందు తాగుబోతులా ఉంది బాబాయ్ ఇది. నా దగ్గర మహా మర్యాద," అంది.

"పంపు మార్చి పారేయ్. ఇలాంటివాటికి అందరూ పంపే మారుస్తారు."

"నీకు పన్ను నొప్పొస్తే ముక్కు కోయించుకుంటావా? ఏది చెడిందో తెలీకుండా ఏదో ఒకటి మార్చి పంపితే, పిన్ని మళ్లీ అదే ఎండలో కూర్చుంటుంది. నువ్వు వెళ్లగానే స్టార్ట్ అవుతుందన్నావు కదా. నీ ట్రక్కు మొహం చూసి హడలిపోతోందేమో."

తరువాత కసీల్డాను పిలిపించి, స్టూలు మీద కూర్చోబెట్టి, వైద్యులు అడిగినట్టు అడిగింది. ఎప్పుడు ఆగుతుంది, ఎంతసేపు ఆపాక ఆగుతుంది, స్టార్టర్ తిరుగుతుందా, పెట్రోలు వాసన వస్తుందా. కసీల్డా అన్నిటికీ పొడిపొడిగా చెప్పింది. చివర కాస్త ఆగి, నా వైపు చూసి, తల దించుకుంది.

"నవ్వుతారు మీరు."

"నవ్వం పిన్నీ, చెప్పు."

"ఇంటి దగ్గర తాళం తిప్పగానే వెనక సీటు కింద ఎవరో నిట్టూర్చినట్టుంటుంది. ఆయన అన్నం తిని కుర్చీలో వాలినప్పుడు సరిగ్గా అలాగే నిట్టూర్చేవాడు. ఇన్నేళ్లూ ఆ కారులో తిరిగినా నాకెప్పుడూ వినపడలేదు. ఆయన పోయాకే వినపడుతోంది. పైకి వెళ్లాక మాత్రం ఆ చప్పుడుండదు. తిప్పినా ఉండదు. కారు బోసిపోయినట్టుంటుంది. దిగిపోతాడన్న మాట, ఆయన చోటు అదే కదా. మళ్లీ ఎక్కేదాకా కారు కదలదు. అందుకే కూర్చుంటాను."

 ఆ నిట్టూర్పు నేనూ విన్నాను మరి.

ఓర్లిండా నవ్వలేదు. చేతిలో పానా కింద పెట్టింది. "పైన ఆగినప్పుడల్లా ఆ చప్పుడు ఉండదా? ఒక్కసారైనా చప్పుడు వచ్చి కూడా స్టార్ట్ కాకుండా ఉందా?"

"లేదు. వస్తే కదులుతుంది."

"పిన్నీ, అది పెట్రోలు పంపు. వెనక ట్యాంకులో ఉంటుంది. తాళం సగం తిప్పగానే ఒక్క క్షణం తిరిగి గొట్టం నింపి ఆగుతుంది. ముందు ఆయన డ్రైవింగు చేసేవాడు, నువ్వు పక్కన మాట్లాడుతూ కూర్చునేదానివి, ఇంక వినపడేదెలా. ఇప్పుడు ఒక్కదానివే ఉంటున్నావు, వినపడుతోంది."

 "పంపా," అంది కసీల్డా. ఎవరో తలుపు తట్టారనుకుని పరుగెత్తి తీస్తే గాలి అని తేలినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం. ఓర్లిండా ఆ మాట చెప్పకపోయినా బాగుండేదనిపించింది నాకు.

"మరి పైనే ఎందుకు ఆగుతుంది?" అంది కసీల్డా.

"పంపే ఆగుతోందో, పంపుకు కరెంటు అందడం లేదో తెలియాలి. అది ఆగి ఉన్నప్పుడే చూడాలి. ఆదివారం నీతో వస్తాం."

ఆదివారం కసీల్డా ఎప్పటిలాగే కారులో ఒంటరిగా ముందు వెళ్లింది. మేమిద్దరం నా ట్రక్కులో వెనక. తొట్టి దగ్గర ఎప్పుడూ ఆపే చోటే ఆపింది. తొట్టి చుట్టూ ఈగలు ముసురుతుంటాయి, అద్దాలన్నీ పైకెత్తి తలుపులు వేసింది. ఓర్లిండా అన్నీ చూస్తోంది, ఒక్క మాటా అనడం లేదు. బీన్సు, కాల్చిన మిర్చి పెట్టి చుట్టిన తోర్తియా రొట్టెలు తెచ్చింది కసీల్డా. కంచె అవతల పొట్టి చెట్ల కింద మనిషికి సరిపడా నీడ చూసుకుని తిన్నాం. ఆ ఎండలో పక్షి కూడా కూయలేదు. తొట్టిలో నీళ్లు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంత వెలుగులో, ఇంత బయలులో, నాకు వీపు వెనక ఎవరో నిలుచున్నట్టే ఉంది.

"ఇప్పుడు చూద్దాం. సగమే తిప్పు పిన్నీ," అంది ఓర్లిండా.

కసీల్డా కూర్చుని తాళం తిప్పింది. వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు. అది పంపేనని తెలిసి కూడా నేను వెనక సీటు వైపు చూశాను.

"దిగాడు," అంది కసీల్డా, తనలో తాను అనుకున్నట్టు.

ఓర్లిండా పనిలోకి దిగింది. బానెట్ ఎత్తి చూసింది, పెట్రోలును మండించే నిప్పురవ్వ వస్తోంది. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో కొట్టింది, పంపు ఉలకలేదు. వెనక సీటు ఎత్తి, పంపుకు వెళ్లే తీగకు చిన్న దీపం తగిలించింది. నన్ను తాళం తిప్పమంది. దీపం వెలగలేదు.

"పంపు మంచిదే. దానికి తిండి అందడం లేదు," అని, ముందు వైపు వచ్చి, డాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరింది. కాళ్లు మాత్రం తలుపులోంచి బయటికి. కాసేపటికి, "అబ్బ, పెనంలా కాలుతోంది," అన్న మాట వినపడింది. చేతిగుడ్డతో పట్టుకుని అగ్గిపెట్టంత డబ్బా ఒకటి లాగింది. తాళం తిప్పినప్పుడు పంపుకు కరెంటు వదిలేది అదేనట, రిలే అంటారు. అది ఉన్న చోట ఒక తీగ ముక్క పెట్టి రెండు కొనలూ కలిపింది.

వెనక సీటు కింద నిట్టూర్పు మొదలైంది. ఎప్పటిలా ఒక్క క్షణంలో ఆగలేదు. తీగ పెట్టినంతసేపూ ఆగకుండా వస్తూనే ఉంది. కసీల్డా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓర్లిండా తీగ తీసేసింది.

డబ్బా మూత ఊడదీసి, భూతద్దం పెట్టి మాకు చూపించింది. లోపల టంకం వేసిన ఒక చిన్న లోహపు కాలు చుట్టూ వెంట్రుకవాసి పగులు, ఉంగరంలా.

"వేడెక్కితే విచ్చుకుంటుంది, చల్లారితే కలుసుకుంటుంది. ఊళ్లో అద్దాలు దించి ఉంచుతావు, ఇంటి దగ్గర చెట్టు నీడ ఉంది. నా షెడ్డులో అసలు ఎండే లేదు. ఇక్కడ అద్దాలు మూసి ఇంతసేపు ఉంచితే లోపల పొయ్యే. బాబాయ్ వచ్చేసరికి చల్లబడేది, స్టార్ట్ అయ్యేది. అంతే పిన్నీ. దీనికి టంకం వేస్తే సరిపోతుంది."

కసీల్డా ఆ డబ్బాను అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. "ఎప్పుడు పగిలిందిది?"

"ఒక్కరోజులో పగిలేది కాదు. ఏళ్ల తరబడి మెల్లగా విచ్చుతుంది."

"ఆయన కూడా అద్దాలు మూసేవాడు. ఈగలంటే పడేది కాదు."

ఓర్లిండా భూతద్దం దించి ఆమెను చూసింది. తరువాత నా వైపు తిరిగింది. మెల్లగా అడిగింది. "ఆ రోజు కారు దించింది నువ్వేగా బాబాయ్. ఎలా ఉంది?"

"బ్యాటరీ చచ్చి ఉంది. నా బ్యాటరీ నుంచి కరెంటు పెట్టగానే స్టార్ట్ అయ్యింది. పాతబడిందనుకున్నాం. తరువాత కొత్తది వేయించాం కదా."

"లైట్లు వేసి ఉన్నాయా?"

"లేవు."

"తాళం కారులోనే ఉందా?"

"ఆయన చొక్కా జేబులో. షెరీఫు మనిషి తీసి నాకిచ్చాడు. తలుపులన్నీ మూసే ఉన్నాయి."

చెబుతూ చెబుతూ నా మాట నాకే వినపడింది. లైట్లు లేవు, తాళం జేబులో ఉంది, తలుపులు మూసి ఉన్నాయి. ఊరికే నిలబడ్డ కారులో బ్యాటరీ ఎందుకు చస్తుంది.

"తాళం తిప్పాడు," అంది కసీల్డా. "కదూ తల్లీ? చాలాసార్లు తిప్పాడు."

"నేను ఒట్టేసి చెప్పలేను పిన్నీ. టంకానికి తేదీ ఉండదు. అది నిజంగా పాత బ్యాటరీనేమో కూడా."

"నిన్ను ఒట్టు వేయమని ఎవరడిగారు."

ఆమె దారి వైపు తిరిగి చూసింది. నేనూ చూశాను. అతను దొరికిన చెట్టు దిగువన ఉంది. ఇక్కడ కంచె పక్కన ఇంత నీడ ఉంటే, నీడ కోసం అక్కడిదాకా ఎవరు వెళ్తారు. ఆ చెట్టు దాటితే మలుపు. మలుపులో ఫోను పలికే బండ. 

ఓర్లిండా టంకం వేసే సామాను కోసం ట్రక్కు వైపు కదిలింది. కసీల్డా ఆపింది.

"ఇప్పుడే పెట్టకు దాన్ని."

వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని తలుపు వేసుకుంది. అద్దాలు దించలేదు. తాళం తిప్పింది. గిర్రు గిర్రున స్టార్టర్ తిరిగింది, ఇంజను పలకలేదు. ఆపింది. మళ్లీ తిప్పింది. అద్దంలోంచి ఆమె ముఖం కనిపిస్తోంది, కణతల మీద చెమట కారుతోంది. మళ్లీ తిప్పింది. స్టార్టర్ కాలిపోతుందని ఓర్లిండా నోరు తెరవబోయి మూసుకుంది. ఆ చప్పుడు మేసా మీద ఎంత దూరం పోయి ఉంటుందో. ఆవులు తలలెత్తి చూశాయి. తిప్పుతూనే ఉంది. చివరికి చప్పుడు సాగింది, బరువెక్కింది, మూలిగినట్టయి, టిక్కుమని ఆగిపోయింది. ఆమె తాళం బయటికి తీసి చొక్కా జేబులో వేసుకుంది. తలుపు తీసి దిగింది. ఒక్కక్షణం కారు కప్పు పట్టుకుని నిలబడి, దారి వెంట దిగువకు నడిచింది. మేం వెనక వెళ్లలేదు. ఆ చెట్టు దగ్గర ఆగి, అతను చేరబడ్డ చోట చేరబడి కూర్చుంది.

కొంతసేపయ్యాక వెళ్లి నేను పక్కన కూలబడ్డాను.

"ఏడాదిగా అనుకుంటున్నాను కొంపాద్రే, పంతానికి రాలేదని," అంది. "పంతం కాదు. వస్తున్నాడు. ఆ వేళకు మేం కేకు కోస్తున్నాం. నేను ఫోటోల్లో నవ్వుతున్నాను."

"నీకెలా తెలుస్తుంది కొమాద్రే."

"తెలీదు. అదే కదా." కన్నీళ్లు లేవు ఆమెకు. "ఇంతకుముందు ఆయన నా మీద కోపంతో కూర్చున్నట్టు కనపడేవాడు. అది నయమేమో. ఇక నుంచి తాళం తిప్పుతూ కనపడతాడు."

పైన ఓర్లిండా నా ట్రక్కు ముందుభాగం మీద డబ్బా పెట్టుకుని టంకం వేసింది. నేను నా బ్యాటరీ నుంచి కరెంటు పెట్టాను. కసీల్డాయే కూర్చుని తాళం సగం తిప్పింది. ఆ ఎండలోనే వెనక నిట్టూర్పు వినపడింది. ఆమె అది ముగిసేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేసింది.

ఆ తరువాత ఆ కారు ఎక్కడా ఆగలేదు. ఆదివారాలు ఆమె మేసా ఎక్కడం తగ్గించింది, పూర్తిగా మానలేదు. ఓర్లిండా పేరు మీద చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. అది విని ఓర్లిండా, "నేనింకా బతికే ఉన్నాను పిన్నీ," అంది. కసీల్డా చాన్నాళ్లకు పకపకా నవ్వింది.

ఆకురాలు కాలంలో ఆవులను దించి అమ్మేయాలనుకుంది. తోలడానికి సాయం రమ్మంటే నేను ట్రక్కులో వెళ్లాను. గుర్రం మీద మనిషిని పిలిపిద్దామన్నాను, వినలేదు. తొట్టి దగ్గరికి ఆమె కారు చేరగానే, ఇంజను చప్పుడుకే, ఆవులు చెట్లలోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. బెలర్మీనో డిక్కీలో వాటికి ఉప్పు గడ్డలు తెచ్చేవాడట. అన్నీ వచ్చి డ్రైవరు తలుపు చుట్టూ మూగాయి. ముసలి మచ్చల ఆవు ఒకటి కిటికీలోంచి మూతి లోపలికి పెట్టి, కసీల్డా భుజం వాసన చూసింది. వదలకుండా చాలాసేపు చూసింది. ఆమె కదలకుండా కూర్చుంది.

"ఆయన లేడే. నేనే," అంది దానితో.

ఆవు వెళ్లలేదు. ఆమె మెల్లగా కారును దారికి తిప్పి దిగడం మొదలుపెట్టింది. ఆవులన్నీ వరసకట్టి వెంట నడిచాయి. నేను వెనకెక్కడో ఉన్నాను. వాటి గిట్టల కింద లేచిన దుమ్ములో ముందు కారు కప్పు మాత్రమే కనిపిస్తోంది. లోపల నడిపేది ఎవరో ఎంత చూసినా తెలియలేదు.